మూడో పిలుపు

ఇంగ్లండులో, సఫోక్ పల్లెల్లో ఒక పాత గాలిమర ఉంది. దాని అసలు పేరు బోర్డు మీద ఉంటుంది గానీ, ఆ చుట్టుపక్కల ఎవరూ ఆ పేరుతో పిలవరు. 'పిలిచే మర' అంటారు. పగలు అందరూ వెళ్తారు... పిండి కొనుక్కుంటారు, పిల్లలతో ఫోటోలు దిగుతారు. పొద్దు వాలిందంటే మాత్రం, కుక్కల్ని తిప్పేవాళ్లు కూడా ఆ దారి వదిలేసి పొలాల మీదుగా చుట్టు తిరిగిపోతారు.

ఎందుకంటే అది పిలుస్తుందట. పేరు పెట్టి... వెనక నుంచి...

నూట ముప్పై ఏళ్లలో అక్కడ ముగ్గురు పోయారు. ముగ్గురూ ఆ మర రెక్క తగిలే పోయారు. పోయేముందు వాళ్లని ఎవరో పిలవడం పక్క పొలాల్లో వాళ్లు విన్నారట. పిలిచిన మనిషి మాత్రం ఎవరి కంటా పడలేదు.

కట్టుకథ అనుకుంటే, లండన్ శివార్లలోని ఇల్ఫర్డ్ వెళ్లి అచ్యుత్‌ని వెనక నుంచి ఒక్కసారి పిలిచి చూడండి. చేతిలో కాఫీ ఉన్నా, నోట్లో మిర్చిబజ్జీ ఉన్నా, మొదటి పిలుపుకే గిరుక్కున తిరుగుతాడు. ఆ కాఫీ మీ చొక్కా మీద పడితే అది మీ ఖర్మ. మనిషి అలా తయారైంది 2014 నవంబరులో, ఒక శనివారం సాయంత్రం.

అచ్యుత్‌ది కాకినాడ. లండన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా కంప్యూటరు, శని ఆదివారాలు కెమెరా. ఆ ఏడు అతనికి గాలిమరల పిచ్చి పట్టింది. తెలుగువాళ్ల సంఘానికి కొత్త సంవత్సరం క్యాలెండర్ తానే చేసిస్తానని మాటిచ్చాడు. పైన ఇంగ్లండు గాలిమర, కింద రాహుకాలం, వర్జ్యం! ఇదేం జోడీరా అని నవ్వినవాళ్ల మాట వింటే అతను అచ్యుత్ ఎందుకవుతాడు? పదకొండు నెలలకి పదకొండు మరలు దొరికాయి. డిసెంబరు ఒక్కటే మిగిలింది. దానికి ఈ పిలిచే మరని ఎంచుకున్నాడు.

ఆ పదకొండు ఫోటోలంటే ఇంట్లో ఒకరికి గిట్టదు. పన్నెండేళ్ల కూతురు వర్షిత. ఒక ఫోటో కోసం ఆ పిల్ల స్కూలు నాటకం ఎగ్గొట్టాడు. ఇంకో ఫోటో కోసం ఆమె పుట్టినరోజునాడు కేకు కోశాక ఇంటికొచ్చాడు. ప్రతిసారీ 'సారీ తల్లీ', ప్రతిసారీ 'ఇదే ఆఖరు'.

ఆ శనివారం అతని భార్య రత్నకుమారికి హాస్పిటల్లో డ్యూటీ పడింది. పిల్లని ఒంటరిగా వదల్లేక కారెక్కించుకున్నాడు. సాయంత్రం ఆరింటికల్లా ఆ పిల్లని ఫ్రెండ్ బర్త్‌డే పార్టీ దగ్గర దింపాలి. అంటే నాలుగింటికి మర దగ్గర బయల్దేరాలి.

"ఫోర్ ఓ క్లాక్, డాడ్," అంది వర్షిత సీటుబెల్టు పెట్టుకుంటూ.

"నాలుగంటే నాలుగే తల్లీ."

"ఇఫ్ యూ ఆర్ లేట్, ఐ యామ్ నెవర్ కమింగ్ విత్ యూ అగైన్."

అరిచి చెప్పలేదు, ఏడ్చి చెప్పలేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. అందుకే అది ఉత్త బెదిరింపు కాదని అచ్యుత్‌కి అర్థమైంది.

'నాన్నా' అనడం ఆ పిల్ల ఐదో ఏటనే మానేసింది. బడిలో చేరిన మూడో వారానికి అతను 'డాడ్' అయిపోయాడు. తెలుగులో ఏం చెప్పినా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషే. పోయిన ఆ పిలుపు కోసం ఎంత అలమటించాడో భార్యకి కూడా చెప్పుకోలేదు. ఇప్పుడు ఈ 'డాడ్' కూడా చేజారేలా ఉంది.

మర దగ్గర ఆర్థర్ అని ఒక ముసలాయన ఉన్నాడు. డెబ్బై దాటినా శనివారాలు జీతం లేకుండా ఊరికే వచ్చి మర తిప్పి పిండి ఆడతాడు. ఆయన అచ్యుత్‌కి మర ముందు కట్టిన తాడు చూపించాడు.

"ఇది దాటొద్దు. కిందికి వచ్చినప్పుడు రెక్క కొస మనిషి నడుం ఎత్తులోనే పోతుంది. ఆగి ఉన్న రెక్కని అసలు నమ్మొద్దు."

ఆ తర్వాత గొంతు తగ్గించి పోయిన ముగ్గురి సంగతీ, పిలుపు సంగతీ చెప్పాడు. అచ్యుత్ పైకి నవ్వాడు. లోపల మాత్రం అమ్మమ్మ సత్యమ్మ లేచి కూర్చుంది. 'పొద్దుగూకాక వెనక నుంచి ఎవరైనా పిలిస్తే పలక్కు నాయనా, తిరిగి చూడకు. అది రెండుసార్లే పిలవగలదు. మూడోసారీ పిలిస్తేనే మనిషి.' చిన్నప్పుడు ఆ మాట విన్న రాత్రులన్నీ దుప్పటి ముసుగులోనే తెల్లారాయి.

ఆ మధ్యాహ్నం ఏ ఫోటో కుదరలేదు. ఆకాశం మాసిన దుప్పటిలా ఉంది. దున్నిన పొలాల్లోంచి తీశాడు, చర్చి గోడ దగ్గర నుంచి తీశాడు, ముళ్లకంచెల సందుల్లోంచి తీశాడు. బూట్లకి శేరు బురద అంటింది తప్ప ఒక్క బొమ్మలో జీవం లేదు. ఐదు నిమిషాలకోసారి గడియారం చూసుకున్నాడు. పదినిమిషాలకోసారి కారు వైపు చూశాడు. కారు మర వెనక సందులో ఉంది. లోపల వర్షిత తలకి హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, అద్దాలు ఎత్తుకుని కూర్చుంది.

నాలుగయింది. ఓటమి ఒప్పుకుని సామాను సర్దాడు.

"వెళ్తున్నాం," అన్నాడు ఆర్థర్‌తో.

"మంచిది. నేనూ రెక్కలు సర్ది మూసేస్తాను," అన్నాడు ఆయన. రాత్రిపూట గాలి కొట్టకుండా రెక్కల్ని గుణకారం గుర్తులా నిలపాలి. అందుకు బ్రేకు వదిలి కాస్త తిరగనివ్వాలి. ఆ పనిమీద లోపలికి వెళ్లాడు.

అచ్యుత్ కారు తలుపు మీద చెయ్యి వేశాడు. అప్పుడు... అప్పుడే... మబ్బు కింద ఒక చీలిక పడింది.

పడమర అంతా ఎర్రగా విచ్చుకుంది. పొలాల చాళ్లలో నిలిచిన నీళ్లు నిప్పు కణికల్లా వెలిగాయి. ఇదే డిసెంబరు!

"ఒక్క నిమిషం తల్లీ!" అన్నాడు అద్దం మీద తట్టి. ఆ పిల్ల తల తిప్పలేదు. ట్రైపాడ్ భుజాన వేసుకుని పరుగెత్తాడు. తాడు కిందినుంచి దూరాడు. ఒక్క నిమిషమేగా... రెక్కలు ఆగే ఉన్నాయిగా...

మర వైపు వీపు పెట్టి, పొలాల వైపు కెమెరా పెట్టాడు. రెక్క అంచు కూడా బొమ్మలో పడాలి. అంటే ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ రెక్క వెనకదాకా పోవాలి. ఒక అడుగు... కన్ను కెమెరాకి ఆనించి చూశాడు. ఇంకా పడలేదు. ఇంకో అడుగు...

"నాన్నా..."

సన్నగా వినబడింది. గాలిలో కొట్టుకొచ్చినట్టు... వెనక నుంచి.

అచ్యుత్ చేతులు బిగుసుకుపోయాయి. తెలుగు! చుట్టూ పది మైళ్లలో తెలుగు వచ్చిన మనిషి ఒక్కతే, ఆ ఒక్కతీ ఏడేళ్లుగా ఆ మాట అనలేదు. పైగా కారులో అద్దాలు ఎత్తుకుని పాటలు వింటోంది. ఇంకెవరు పిలుస్తారు తనని అలా?

తిరగలేదు. తిరగకూడదు... అది రెండుసార్లే పిలవగలదు.

వేలు మీటమీదే ఉంది. ఎరుపు తగ్గిపోతోంది. వణుకుతూనే, ఇంకో అడుగు వెనక్కి వేశాడు. చూశారా, ప్రాణం పోతుందని భయపడుతూ కూడా ఫోటో వదలని మనిషి!

"నాన్నా!"

ఈసారి చెవి పక్కనే. మెడ మీద ఊపిరి తగిలినట్టు...

కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పైనెక్కడో కర్ర కిర్రుమంది. గాలి అనుకున్నాడు. పారిపోదామంటే కారు వెనకే ఉంది, వెనక్కి తిరగాలి. తిరగనంటే ఇక్కడే నిలబడాలి. ఏం చెయ్యాలో తెలియక ఇంకో అడుగు వెనక్కే వేశాడు...

"నాన్నాఁ!!"

గొంతు చీలిపోయిన కేక అది.

మూడోది! మనిషే!

గిరుక్కున తిరిగాడు. బురదలో కాలు జారి వెల్లకిలా పడ్డాడు. ముఖం మీదుగా నల్లటిదేదో ఆకాశాన్ని మొత్తం కప్పేస్తూ... హుష్షుమని దాటిపోయింది. పక్కనే ఫెళ్లుమన్న చప్పుడు. ట్రైపాడూ కెమెరా ముక్కలై దూరంగా పొలంలో పడ్డాయి.

రెక్క! ఇప్పటిదాకా తన ఛాతీ ఉన్న చోటునుంచే పోయింది అది.

ఎక్కడో బ్రేకు కీచుమంది. మర తలుపు దబ్బున తెరుచుకుని, నిలువెల్లా తెల్లగా ఉన్న ఆకారం ఒకటి చేతులు చాపుకుంటూ అతని మీదికి వచ్చింది. ఈసారి అచ్యుత్ కేక ఇల్ఫర్డ్ దాకా వినబడి ఉంటుంది.

"వెళ్లిపోయామన్నారు కదయ్యా!" అంది ఆ ఆకారం. ఆర్థర్! రోజంతా ఆడిన పిండి ఒంటినిండా ఉంది. "బ్రేకు వదిలాను... ఆ పాప కేక వినబడి నొక్కేశాను... అయ్యో దేవుడా..." తప్పు తనదేనని అచ్యుత్ చేతులు జోడించాడు.

తాడు అవతల వర్షిత నిలబడి ఉంది. నోరు ఇంకా తెరిచే ఉంది. మరుక్షణం తాడు దాటి వచ్చి, ఆ బురదలోనే తండ్రి మెడ పట్టుకుని భోరుమంది. అచ్యుత్ కూడా ఏడ్చాడు. భయం తీరి ఏడ్చాడో, ఏడేళ్లకి విన్న పిలుపుకి ఏడ్చాడో అతనికే తెలియదు. నా కూతురు పిలిస్తే దెయ్యం అనుకున్నానే అని మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు.

కారు బయల్దేరేసరికి ఐదు దాటింది. బాగా చీకటి పడింది.

"పార్టీకి లేటయిపోతాం తల్లీ. సారీ."

"ఇట్స్ ఓకే," అంది వర్షిత. చెయ్యి అతని కోటు అంచు పట్టుకునే ఉంది.

ముళ్లకంచెలు లైట్ల వెలుగులో వెనక్కి పోతున్నాయి.

"నువ్వు మొదటిసారి పిలిచినప్పుడే తిరగాల్సింది. పిలిచింది నువ్వని అనుకోలేదు రా. పిచ్చివాడిలా మూడుసార్లు పిలిపించుకున్నాను."

వర్షిత అతని వైపు తిరిగింది.

"త్రీ? ఐ షౌటెడ్ వన్స్."

"లేదమ్మా... ముందు రెండుసార్లు పిలిచావు. చిన్నగా ఒకసారి, తర్వాత..."

"వన్స్, డాడ్. నేను కారులోనే ఉన్నా..." ఆమె తెలుగు తడబడింది, మళ్లీ ఇంగ్లీషులోకి వెళ్లిపోయింది. పాట వింటున్నానని చెప్పింది. పాట మధ్యలోనే 'వర్షీ' అని అతని గొంతు వినబడిందట. పట్టించుకోలేదట. రెండోసారి చెవి పక్కనే గట్టిగా వినబడిందట... ఏదో అయిందనిపించి కారు దిగి పరుగెత్తిందట. మర మూల తిరిగేసరికి రెక్క కదులుతోంది.

"వై డిడ్ యూ కాల్ మీ, నాన్నా?"

తాడు దాటాక అచ్యుత్ పెదవి కదపలేదు. ఆ పేరు అతని నోట రానే లేదు.

రెండుసార్లు పిలిచినా పలకని మొండివాణ్ని వదిలేసి, అది పలికే మనిషి దగ్గరికి వెళ్లింది. పోయిన ఆ ముగ్గురూ కూడా... తిరిగి చూడలేదేమో, అందుకే పోయారేమో.

అద్దంలో వెనక్కి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనబడలేదు. పక్కన పిల్ల జవాబు కోసం చూస్తోంది. కోటు అంచు ఇంకా వదల్లేదు.

"అవును తల్లీ," అన్నాడు. "నేనే పిలిచాను."