గత్తర కొట్టం మీద పసుపు గుడ్డ

కమఠాణ నుంచి బీదర్ పోయే దారిలో, కంది చేలు దాటాక, ఎర్రరాతి కొట్టం ఒకటి ఉంది. దాన్ని గత్తర కొట్టం అంటారు. ముత్తాతల కాలంలో ఊళ్లో గత్తర, అదే కలరా, లేస్తే, వాంతులు పట్టినవాళ్లను అక్కడ పెట్టి వచ్చేవారట. నడిచి వెళ్లినవాళ్లలో చాలామంది నడిచి తిరిగి రాలేదు.

పొద్దు గూకితే ఆ పక్కన ఎవరూ ఆగరు. ఎద్దులు కూడా అక్కడ చెవులు నిక్కిస్తాయని పెద్దలు చెబుతారు. ఎద్దుల సంగతి నాకు తెలియదు. మనుషుల సంగతి చెబుతాను. పాలు పోసే పాపయ్య కొంత, పోశమ్మ కొంత, ఆఖరికి గాలయ్యే కొంత చెప్పగా విన్నది ఇది.

పోయిన చలికాలం ఒక రాత్రి పాపయ్య బీదర్‌లో పాలు పోసి తిరిగి వస్తున్నాడు. కొట్టం ముందు గడకర్ర పాతి ఉంది. దానికి పసుపు గుడ్డ... గాలికి టపటపా కొట్టుకుంటోంది. దాని వెనక తెల్లగా ఒక ఆకారం లేచి నిలబడింది. ముఖం ఉండాల్సిన చోట ముఖం లేదు. అక్కడా తెలుపే. అది చెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు చూపింది.

పాపయ్య ఆగలేదు. మరునాడు రెండు పాల క్యాన్లు ఆ చేనులో దొరికాయి.

గత్తర దెయ్యం లేచిందని ఊరంతా అన్నారు. ఆటో నడిపే గాలయ్య మాత్రం నవ్వాడు. పాపయ్య తన పాలల్లో నీళ్లు ఎక్కువై ఆ నీళ్లకే భయపడ్డాడని ఎగతాళి చేశాడు.

ఆ రాత్రి ఆటో లైటు వెలుగులో ఆ గుడ్డను తనే చూశాడు. నవ్వు ఆగిపోయింది.

పసుపు మీద ఎర్ర అంచు. అంచులో చిన్న చిన్న మామిడి పిందెలు. అది తన పెళ్లాం చీర. పెళ్లయిన కొత్తలో బీదర్‌లో తాను మొదటిసారి కొనిచ్చిన చీర.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. గాలయ్య భార్య భాగ్యజ్యోతి. ఆమె మేనత్త పోశమ్మ. పోశమ్మ కొడుకు శివరాజ్ ఓడల మీద పని చేస్తాడు. చిన్నప్పుడు జ్యోతిని శివరాజ్‌కే అనుకున్నారు. అతను ఓడ ఎక్కడంతో ఆ మాట చెదిరి, సంబంధం గాలయ్యకు కుదిరింది. జ్యోతి ఏనాడూ తప్పు నడవలేదు. కానీ గాలయ్య మనసులో ఆ చెదిరిన మాట ముల్లులా ఉండిపోయింది. ఆమె నవ్వితే ఎవరిని తలుచుకుని నవ్విందో అనుకునేవాడు. ఊరికే కూర్చుంటే ఎవరి కోసమో అనుకునేవాడు. ఈ రోగానికి మందు లేదు. ఎవరికి వారే వదిలించుకోవాలి. అతను వదిలించుకోలేదు... అన్నం పెట్టి పెంచాడు.

చాన్నాళ్లకు జ్యోతి కడుపు పండింది. నెలలు నిండుతున్నాయి. తెల్లవారితే శ్రీమంతం. ఇంటి ముందు పందిరి కూడా వేశారు.

శివరాజ్ ఓడ ముంబై రేవుకు చేరిందని ఊళ్లో అందరికీ తెలుసు. ఇంటికి మాత్రం రాలేదు. కానీ పోశమ్మ రోజూ సాయంత్రం టిఫిన్ డబ్బా పట్టుకుని చేను దిక్కు పోతోంది. పోయేముందు జ్యోతితో గుసగుసలాడుతోంది. ఇప్పుడు ఈ చీర...

గాలయ్య లెక్క తేలిపోయింది. వాడు దొంగచాటుగా వచ్చాడు. దెయ్యం పేరు చెప్పి జనాన్ని దూరం పెట్టారు. జ్యోతి అక్కడికే పోతోంది.

ఆటో ఆపి దిగాడు.

చేనులోకి పది అడుగులు వేసేసరికి కోపం కింద నుంచి భయం లేచింది. గాలి లేదు. అయినా గుడ్డ కదులుతోంది. వేపాకు పొగ వాసన. కొట్టం చుట్టూ నేల మీద తెల్లటి గీత... సున్నంతో గీసిన గీత. మంత్రగాళ్లు గీసే ముగ్గులాగా ఉంది.

"దగ్గరికి రాకు."

గొంతు మనిషిదే. కానీ బొంగురుగా, నూతిలోంచి వచ్చినట్టు ఉంది.

గాలయ్య ఆగిపోయాడు. వెనక్కి తిరిగేవాడే. సరిగ్గా అప్పుడే గుడ్డ అంచు ముఖానికి తగిలింది. మామిడి పిందెలు కనపడ్డాయి. అసూయకు భయం కన్నా బలం ఎక్కువ. గుడ్డను గుంజి చించాడు. గీత దాటాడు. తెల్ల ఆకారం వెనక్కి, వెనక్కి జరిగింది... గోడ అడ్డం వచ్చింది. గాలయ్య దాని దుప్పటి పట్టి లాగాడు. ముఖానికి కట్టిన తెల్ల గుడ్డ ఊడింది.

శివరాజ్.

నుదుటి మీద, మెడ మీద, అప్పుడే లేచిన నీటి పొక్కులు.

"దాటొద్దన్న కదన్నా," అన్నాడు శివరాజ్. కూలబడి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "జ్యోతి చెప్పలేదా నీకు?"

ఊపిరి తీసుకుంటూ సంగతి చెప్పాడు. ఓడ నడి సముద్రంలో ఉండగా వంటాయనకు ఆటలమ్మ పోసింది. రేవు దగ్గరికి వచ్చిన ప్రతి ఓడ పసుపు జెండా ఎత్తాలి. రేవు డాక్టరు సరేననే దాకా ఓడలోంచి ఒక్కరూ దిగకూడదు, ఒక్కరూ ఎక్కకూడదు. డాక్టరు వచ్చి అందరినీ చూశాడు. వంటాయనను దవాఖానకు పంపాడు. చిన్నప్పుడు ఆటలమ్మ పోయనివాళ్లను పక్కకు పిలిచి, మూడు వారాలు మనుషుల్లో కలవొద్దన్నాడు. కడుపుతో ఉన్నవాళ్ల దిక్కు చూడనే వద్దన్నాడు... తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుందట. శివరాజ్ లారీ వెనక సరుకు మీద కూర్చుని హుమ్నాబాద్ దాకా వచ్చి, ఊళ్లో అడుగు పెట్టకుండా రాత్రికి రాత్రి ఈ కొట్టంలో చేరాడు. పోశమ్మకు చిన్నప్పుడే పోసి పోయింది. కాబట్టి ఆమె ఒక్కతే గీత దాకా వస్తోంది. ఊరికి తెలిస్తే తరుముతారని ఎవరికీ చెప్పలేదు.

"మొన్న పసుపు గుడ్డ కావాల్నంటే జ్యోతే చీర చింపి పంపిందట. మా ఆయన రోజూ ఆ తొవ్వనే వస్తడు, అది చూస్తే నా చీరని గుర్తుపట్టి ఆగుతడు, అన్నదట. ముందే చెప్త అన్నది నీకు."

చెప్పబోయింది. గాలయ్యకు గుర్తొచ్చింది. అన్నం పెడుతూ "శివ బావ..." అని ఆమె మొదలుపెట్టినప్పుడల్లా, కంచం నెట్టి లేచిపోయాడు. ఆ పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దని ఒట్టు పెట్టించాడు.

"నీకు చిన్నప్పుడు పోసిందా?" శివరాజ్ అడిగాడు.

గాలయ్య తల అడ్డంగా ఊపాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చేతుల్తోనే దుప్పటి గుంజాడు. వాడి ఊపిరి తన ముఖానికి తగిలింది. తెల్లవారితే పందిట్లో పెళ్లాం పక్కన పీట మీద కూర్చోవాలి.

"నేనెవ్వరికీ చెప్పనన్నా," అన్నాడు శివరాజ్ మెల్లగా. "పోతానంటే ఆపలేను. నాకు శక్తి లేదు."

గాలయ్య గీత దాకా నడిచాడు. అవతల ఆటో. దాని వెనక ఊరి దీపాలు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు... తర్వాత వంగి, చించిన గుడ్డను ఏరుకుని, మళ్లీ గడకర్రకు ముడి వేశాడు. ఫోను తీశాడు.

"మీ బావ దగ్గర ఉన్న," అన్నాడు జ్యోతితో. "శ్రీమంతానికి నేను రాను."

మరునాడు శ్రీమంతం పీట మీద అతని చోట కొబ్బరికాయ పెట్టారు.

ఆ రాత్రి చేనులో గాజుల చప్పుడు వినపడింది. దూరంగా, దారి మీద, చేతులనిండా కొత్త గాజులతో జ్యోతి నిలబడి ఉంది. ఒక అడుగు ముందుకు వేసింది.

"దగ్గరికి రాకు," అన్నాడు గాలయ్య. తన గొంతు తనకే కొత్తగా వినపడింది... బొంగురుగా, నూతిలోంచి వచ్చినట్టు.

ఆమె ఆగింది. చేతులు పైకెత్తి గాజులు గలగలలాడించింది. అతను వినాలని. అంత సంతోషంలోనూ గాలయ్య వెనక్కి తిరిగి శివరాజ్ ముఖం ఎలా ఉందోనని చూశాడు. శివరాజ్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోయాడో, ఆ చప్పుడు వింటున్నాడో... తెలియలేదు.

పాపయ్య ఆ తర్వాత ఆ దారే వదిలేశాడు. మొదట ఒకటి, తర్వాత రెండు, ఇప్పుడు గాజుల దెయ్యంతో కలిపి మూడు అని ఊరంతా చెప్పాడు.

రెండు వారాలకు గాలయ్య వీపు మీద మొదటి పొక్కు లేచింది. దాన్ని వేలితో తడిమి చూసుకుని, ఇంటి దిక్కు తిరిగి దండం పెట్టాడట.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. కొట్టంలో దెయ్యం లేదని ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. శివరాజ్ మళ్లీ ఓడ ఎక్కాడు. పాపయ్య ధైర్యంగా ఆ దారిలోనే పాలు తీసుకుపోతున్నాడు.

గాలయ్య ఒక్కడే, పొద్దు గూకాక, తాను ఆ గుడ్డ చించిన కొట్టం మలుపు దగ్గర, ఇప్పటికీ ఆటో వేగం పెంచుతాడు.