పదకొండో బెడ్ రిపోర్టు

"జ్వరం నటించగలవా?" అడిగాడు చీఫ్.

"ఎన్ని రోజులు సార్?" అన్నాడు ఏజెంట్.

"తొమ్మిది." చీఫ్ ఫైలు ముందుకు తోశాడు. "సైనిక శిక్షణ కేంద్రం. ఫ్లూ టీకా కొత్త రిక్రూట్లను ఎంతవరకు కాపాడుతోందో లెక్క తీస్తున్నారు. టీకా వేయించుకున్నవాళ్లకే ఎక్కువగా ఫ్లూ వస్తున్నట్టు రిపోర్టులు. పదో రోజు పదకొండింటికి ఆ లెక్క పైకి వెళ్తుంది. టీకా దండగని తేలితే ఆర్డర్ రద్దు. చలికాలంలో బారక్‌లకు బారక్‌లే మంచమెక్కుతాయి. సరిహద్దు అవతల ఒక ముఠా అందుకే కాచుకుని ఉంది."

"అక్కడ మనవాళ్లు?"

"ల్యాబ్ డాక్టర్ మన మనిషే. నువ్వొస్తున్నట్టు ఆమెకీ చెప్పలేదు."

రిక్రూట్ వేషంలో ఏజెంట్ ఐసొలేషన్ వార్డులో పదకొండో బెడ్ మీద పడుకున్నాడు. నర్సు అటు తిరగగానే థర్మామీటర్‌ను వేడినీళ్ల గ్లాసులో ముంచేవాడు. మిగతా వాళ్లకు ఇళ్ల నుంచి ఫోన్లు వచ్చేవి. అతనికి కుటుంబం లేదని కవర్ స్టోరీ. ఆ ఒక్కటీ డిపార్ట్‌మెంట్ కల్పించనక్కర్లేకపోయింది.

ల్యాబ్ డాక్టర్ రోజూ మూడింటికి వచ్చేది. మాస్కు వెనకున్నా వార్డంతా ఆమెనే చూసేది. అతని నుదుటి మీద చెయ్యి వేసి, "కాలిపోతోంది. పడుకో," అనేది.

ఒళ్లు చల్లగానే ఉంది. పరేడ్ ఎగ్గొట్టేవాడి మీద జాలేమో అనుకున్నాడు. నాలుగో రోజు నుంచి మూడింటి కోసం ఎదురుచూడసాగాడు.

తొమ్మిదో రోజు అతని చార్టులో రాశారు: 'టీకా వేశారు. ఫ్లూ పాజిటివ్.'

పెన్నులో దాచుకున్న టెస్ట్ కిట్‌తో పరీక్షించుకున్నాడు. నెగెటివ్. మళ్లీ చేశాడు. నెగెటివే. ల్యాబ్ పరీక్షలన్నీ చేసేది ఆమె ఒక్కతే. చీఫ్‌కు కబురు పంపాడు.

పదో రోజు, పదకొండుకు నిమిషం తక్కువ. ల్యాబ్‌లో ఆమె వేలు లెక్కను పైకి పంపే కంప్యూటర్ మీటను తాకబోతుండగా అతను మణికట్టు పట్టుకున్నాడు.

"మంచం దిగొద్దన్నానుగా," అంది ఆమె.

"నాకు జ్వరం లేదు డాక్టర్. మీకు మొదటి రోజే తెలుసు."

ఆమె అతని కళ్లలోకి చూసింది. "ఎవరి మనిషివి?"

"మీరు ఎవరి మనిషినని చెప్పుకుంటున్నారో, వాళ్ల మనిషినే."

గార్డులు లోపలికి వచ్చారు. తలుపు దగ్గర ఆమె ఆగింది.

"నీకు ఎవరూ ఫోన్ చేసేవారు కాదు. అది చూసే రోజూ వచ్చేదాన్ని. అది మాత్రం అబద్ధం కాదు."

అతను కంప్యూటర్ ఆపేశాడు.

శాంపిళ్లన్నీ మళ్లీ పరీక్షించారు. టీకా సగానికి పైగా రిక్రూట్లను నిలబెట్టిందని తేలింది. సాయంత్రం రిపోర్టు రాసే గుమస్తా ఫోన్ చేశాడు.

"సార్, పదకొండో బెడ్ వల్ల లెక్క కుదరట్లేదు. మీరు అసలు లేనట్టే రాసుకుంటాం. ఏమనుకోరుగా?"

"రాసుకోండి," అన్నాడు ఏజెంట్. "మా ఆఫీసులోనూ అలాగే రాస్తారు."