శివాని రెండో డోసు

మనోజ మెడికల్ షాపు కౌంటర్ మీద మూడు సిరప్ సీసాలు పెట్టింది. మూడింటిలోనూ మందు సగం మిగిలే ఉంది.

"ఇవి మీ దుకాణంలవేనా?"

సుశాంత్ లేబుళ్ళు చూసి అవునన్నాడు. బొంగులూరు గేటు దగ్గరున్న ఆ షాపు అతని తండ్రి భుజంగరావుది. కోస్తా నుంచి వచ్చి మీర్‌పేట్‌లో స్థిరపడ్డ కుటుంబం. సుశాంత్ బీఫార్మసీ చదివాడు. రోజంతా నిలబడి నిలబడి, ఎవరేది అడిగితే అది అందించడానికి అలవాటుపడిపోయాడు.

మనోజ అక్కడి ఏఎన్ఎం, ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసే ప్రభుత్వ నర్సు. ఇబ్రహీంపట్నంలో చర్చి పక్కన ఉండే ఇశ్రాయేలు కూతురు. కొత్త ఇళ్ళ వెంచర్‌లో కూలి పనికొచ్చిన సీతాబాయి గుడిసెలో ఆ సీసాలు దొరికాయని చెప్పింది. సీతాబాయి పాప శివానికి పది నెలలు. దగ్గు వచ్చినప్పుడల్లా ఒక యాంటీబయాటిక్ సీసా కొనడం, రెండు రోజులు తాగించి ఆపేయడం.

"డాక్టరు చీటీ లేకుండ ఎందుకిచ్చినవ్?"

"నేనివ్వకపోతే పక్క షాపులో కొంటారండి."

"పక్కోడు ఇస్తే పక్కోని పాపం. నువ్విచ్చింది నీది."

అతనికి కోపం వచ్చింది. కానీ ఆమె చెప్పులకంటిన ఎర్రమట్టి, కళ్ళ కింది నలుపు చూశాక మంచినీళ్ళ బాటిల్ ముందుకు జరిపాడు. ఆమె తాగింది. థాంక్స్ చెప్పకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ప్రతి బుధవారం టీకాల పని ముగించుకుని పోతూ ఆమె షాపు ముందు ఆగేది. ఇవాళ ఏ సీసాలు తెచ్చారని అతను అడిగేవాడు. నీ మొహం చూసి పోదామని వచ్చిన అని ఆమె విసుగ్గా అనేది. ఆ విసుగులో నవ్వుందో లేదో తేల్చుకోవడానికి అతనికి మళ్ళీ బుధవారం దాకా పట్టేది. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగినవాళ్ళను డాక్టరు దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. భుజంగరావు గొణిగాడు గానీ అడ్డుపడలేదు.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం సీతాబాయి కొంగు కింద పాపను దాచుకుని వచ్చి, అదే మందు ఇమ్మంది. సుశాంత్ కొంగు జరపమన్నాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా శివాని పక్కటెముకల కింద గుంట పడుతోంది. అతను మందు ఇవ్వలేదు. అంబులెన్సుకూ మనోజకూ ఫోన్ చేశాడు. ఆమె తడిసి ముద్దై వచ్చింది. పాపతో కలిసి అందరూ నగరంలోని పెద్దాసుపత్రికి వెళ్ళారు.

న్యుమోనియా అన్నారు. రెండు రోజులు మందు ఎక్కించినా జ్వరం దిగలేదు. మూడో రోజు రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. న్యుమోకాకస్ అనే క్రిమి, అదీ మామూలు మందులకు లొంగని రకం. డాక్టరు మందు మార్చి, ఇక చూడాలి అంది.

వార్డు బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. అరకొర మందుకు బలహీనమైన క్రిములు చచ్చిపోయి మొండివి పెరుగుతాయని పరీక్షలో రాసి పాసయ్యానని సుశాంత్ చెప్పాడు. ఆ సీసాలు తన చేత్తోనే ఇచ్చానన్నాడు.

మనోజ ఓదార్చలేదు.

"నీ ఒక్కని తప్పే కాదు," అంది. "మూడున్నర నెలలప్పుడు దీనికి రెండో డోసు ఇయ్యాలె. ఈ రోగం రాకుండ ఇచ్చే టీకా. ఆ దినం పిల్లకు జర దగ్గుండె. సీతాబాయి వద్దన్నది. గంత చిన్న దగ్గుకు టీకా ఆపే పని లేదు, నాకు తెలుసు. పొద్దటి సంది ఇండ్లు తిరిగి అలిసిపోయిన. నచ్చజెప్పే ఓపిక లేక, వచ్చే వారం రమ్మని పంపిన. వాళ్ళు వేరే సైట్‌కు పోయిన్రు. మళ్ళిక్కడికి వచ్చినంక గూడ, దగ్గు తగ్గలే అని సీతాబాయి వేయనియ్యలే."

"ఎవరికైనా చెప్పారా?"

"నీకే చెప్తున్న."

అతను ఆమె చేతి మీద చెయ్యి వేశాడు. ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు జ్వరం తగ్గింది. ఐదో రోజు శివాని పాలు తాగి, మనోజ ఐడీ కార్డు నోట్లో పెట్టుకుంది. కోలుకున్నాక మిగిలిన టీకా వేయించాలని డాక్టరు చెప్పింది. ఎక్కడికి పోయినా ఫోన్ చేస్తానని సీతాబాయి మనోజకు మాటిచ్చింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇబ్రహీంపట్నం బస్సెక్కారు. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. ఊరు దగ్గరపడుతుండగా సుశాంత్ మెల్లగా అన్నాడు.

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది. మీరేమంటారు?"

సీటుకు తల వాల్చుకున్న మనోజ కళ్ళు తెరవలేదు. "ఐదు దినాల సంది సరిగ్గ నిద్రలేదు. అలిసినప్పుడు నా మాట మీద నాకే నమ్మకం లేదు. రేపు పొద్దుగాల అడుగు."

ఎనిమిది కాకముందే అతను ఆమె పనిచేసే సబ్‌సెంటర్ గుమ్మంలో ఉన్నాడు. ఆమె టీకాల డబ్బాలో ఐస్ ప్యాకులు సర్దుతోంది. ముఖం తేటగా ఉంది. నిద్రపోలేదా అని అడిగింది. లేదన్నాడు. నాన్నకు చెప్పానన్నాడు. క్రైస్తవుల అమ్మాయి అనగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. తర్వాత, ముందు ఆ పిల్ల ఒప్పుకుందా అని అడిగాడట.

మనోజ డబ్బా మూత బిగించింది.

"నేను మాత్రం మస్తు పడుకున్న," అంది. "ఇప్పుడడుగు."

అడిగాడు.

"అవ్, చేసుకుంట."