కోడిపిల్ల కథ చెప్పిన గొంతు

ఏన్కూరు దాటి అడవి దిక్కు తిరిగే రోడ్డు మీద, తండాకు కిలోమీటరు ఇవతల, ఒక పాత అంగన్‌వాడీ సెంటర్ ఉన్నది. స్లాబు పగుళ్లిచ్చిందని ఎనిమిదేండ్ల కింద దాన్ని మూసేసి తండాలో కొత్తది కట్టిండ్రు. అప్పటి సంది దానికి పేరు చెడ్డది. పొద్దుగూకినంక లోపల పిల్లల గొంతులు వినబడతయంట. జ్వరమొచ్చి పోయిన పాత టీచరమ్మ ఇంకా హాజరు పిలుస్తదంట... పలికినోళ్లు తెల్లారి మంచం దిగరంట. చూసినోళ్లు ఎవరూ లేరు. విన్నోళ్లు మాత్రం ఇంటికొకరు.

సువర్ణ మాత్రం ప్రతి ఆదివారం ఆ దారినే రావాలె.

ఆమె తండా సెంటర్‌ల ఆయా. వండుడు, మూతులు కడుగుడు, పిల్లలను నిద్రపుచ్చుడు — ఏడేండ్ల సంది ఇదే పని. ఎప్పటికన్న టీచర్ కావాలని, చిన్నపిల్లల చదువు మీద దూరవిద్యల డిగ్రీకి చేరింది. ఆదివారం ఆదివారం ఖమ్మంల క్లాసులు. బస్సు దిగి, ఆటో దిగి నడక మొదలుపెట్టేసరికి ఏడు దాటుతది. అత్త గోరికి ఈ చదువే నచ్చదు. కోడలికి గాలి సోకిందని ఎవరన్న ఒక్క మాట అంటే చాలు, పుస్తకాలు అటక ఎక్కుతయి.

ఫిబ్రవరిల ప్రాక్టికల్ పడ్డది. సొంతంగ ఒక కథ అల్లి, చేతి బొమ్మతోని పిల్లలకు చెప్పాలె. బయటి నుంచి ఒక మేడమ్ వచ్చి చూస్తది. సువర్ణ పాత సాక్సుతో కోడిపిల్లను కుట్టింది. వానకు తడిసిన కోడిపిల్ల గొడుగు కోసం చెట్టు చెట్టునూ అడుక్కుంట పోయే కథ. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నంక వరండాల కిటికీ దిక్కు తిరిగి నిలబడి ఒక్కతే చెప్పుకునేది. మధ్యల మరిచిపోయేది. మళ్ల మొదలుపెట్టేది.

ఆ ఆదివారం చంద్రుడు లేడు. ఫోన్ లైటు నేలకు వంచి, పాత సెంటర్ దిక్కు చూడకుండ గబగబ నడుస్తున్నది.

లోపల ఎవరో మాట్లాడుతున్నరు.

కాళ్లు ఆగిపోయినయి. మెల్లగ... గుసగుసగ... ఆడపిల్ల గొంతు.

"కోడిపిల్ల తడిసింది... మోదుగాకును అడిగింది... ఆకా, ఆకా, నాకు గొడుగైతవా?"

సువర్ణ గుర్తుపట్టింది. అది తన కథ. ముక్క పోకుండ తన మాటలే. గొంతు ఆగింది. నాలుక చప్పరించిన చప్పుడు. ఆ తర్వాత —

"అయ్యో, మళ్ల మరిచిపోయిన. మొదటి సంది."

ఇది కథల లేదు. నిన్న మధ్యాహ్నం, ఎవరూ లేని వరండాల, తన నోట్ల నుంచి వచ్చిన మాట.

ఇల్లు చేరేదాక ఆమె వెనక్కి చూడలేదు. ఇంట్ల ఎవరికీ చెప్పలేదు.

తెల్లారేసరికి భయం పక్కకు జరిగి, దాని జాగల అనుమానం కూర్చున్నది. దెయ్యానికి తన కథతోని ఏం పని? తను చెప్పుకునేటప్పుడు సెంటర్‌ల మెలకువగ ఉండేది ఒక్క టీచర్ పద్మప్రియనే. లోపలి గదిల కూర్చొని రిజిస్టర్లు రాసుకుంటది. ఆయా డిగ్రీ చదివి తన పక్కన కుర్చీ వేసుకుంటే ఏ టీచర్‌కు బాగుంటది? ఎవరితోనన్న చెప్పించి, తనను బెదరగొట్టి, ఖమ్మం పోకుండ చేస్తున్నదేమో...

సోమవారం సంది ఆమె కండ్లు పద్మప్రియ మీదనే. ఫోన్ బోర్లా పెడితే అనుమానం. తలుపు దగ్గరికి వేసుకుంటే అనుమానం. ఆదివారం ఆ దారిల ఒక్కదానివే రాకు, ఎవరినన్న తోడు రమ్మను అని ఆమె చెప్తే — ఇంకా అనుమానం. ఈమెకెందుకు అంత బాధ?

శనివారం పద్మప్రియ మీటింగుకని ఏన్కూరు పోయింది. సెంటర్‌ల పెద్దమనిషంటూ సువర్ణ ఒక్కతే. ఆ పూట ఆమె కావాలనే కథ మార్చింది. మోదుగాకు తీసేసి టేకాకు పెట్టింది. రేపు ఆ గొంతు మోదుగాకు అంటే, ఇది పద్మప్రియ పనే.

ఆదివారం పాత సెంటర్ ముందు లైటు ఆర్పి నిలబడ్డది.

"కోడిపిల్ల తడిసింది..."

ఊపిరి బిగపట్టింది.

"...టేకాకును అడిగింది..."

అనుమానించడానికి ఇంక మనిషి మిగలలేదు. పరుగు అందుకోబోయింది. అప్పుడు లోపల ఎవరో దగ్గిండ్రు.

గర గర... కఫం కదిలిన దగ్గు. మూడేండ్ల పిల్లలకు చలి పట్టి, ఛాతీ నిండితే వచ్చే దగ్గు. ఏడేండ్లల్ల ఆ దగ్గు ఆమె ఎన్నిసార్లు విన్నదో. ఎన్ని వీపులు నిమిరిందో. దెయ్యానికి కఫం పట్టదు.

తలుపు తోసి లైటు వేసింది.

పదేండ్ల పిల్ల. చేతికి గుడ్డపేలిక చుట్టుకున్నది. ఎదురుంగ నలుగురు చిన్నోళ్లు వరసగ, చేతులు కట్టుకొని. ఐదు ముఖాలు బిగుసుకుపోయినయి. ఎవరి పిల్లలని తెలుగుల అడిగింది. లంబాడీల అడిగింది. పిల్ల గడగడ వణికి, కండ్లు గట్టిగ మూసుకొని, తనకొచ్చిన తెలుగంతా ఒక్కసారే అప్పజెప్పింది —

"కోడిపిల్ల తడిసింది, టేకాకును అడిగింది, అయ్యో, మళ్ల మరిచిపోయిన..."

రోడ్డు మీద ట్రాలీ ఆగింది. మిరపకాయల ఘాటు లోపలిదాక వచ్చింది. కల్లంల పని చేసి వచ్చిన తల్లి పిల్లలను ఒడిసిపట్టుకొని చీకట్ల కలిసిపోయింది.

మర్నాడు సువర్ణ మామ బిచ్యాను తోలుకొని వలస కూలీలుండే అడవంచు గుడిసెలకు పోయింది. పసులు కాసిన రోజుల్ల నేర్చిన కోయ మాటలు ఆయనకు వచ్చు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన హేమ్లా ఇంటిపేరోళ్ల కుటుంబం అది. పెద్దపిల్ల పేరు ఇడిమె. అమ్మానాన్న మిరప తోటలకు పోతే, తమ్ముండ్లను చెల్లెండ్లను వెంటేసుకొని పగలు కొత్త సెంటర్ వరండా కిటికీ వెనక నీడకు కూర్చుంటది. పొద్దుగూకితే ట్రాలీ వచ్చేదాక ఆ పాత బిల్డింగుల ఉంటరు. తల్లి ఇంకా చాలనే చెప్పింది. బిచ్యా కొంత చెప్పి, కొంత మింగిండు.

పిల్లలను సెంటర్‌ల కూర్చోనిస్తరా అని సువర్ణ భయం భయంగనే పద్మప్రియను అడిగింది. పద్మప్రియ ఇంకో మాట లేకుండ ఐదుగురినీ కూర్చోబెట్టింది. సువర్ణ ఆమె ముఖంలకు చూడలేకపోయింది.

పదిరోజులకు ప్రాక్టికల్ అయింది. ముందు వరసల ఇడిమె, ఆమె ఒళ్లో దగ్గుపిల్లోడు. సువర్ణ ఒక్క ముక్క మరిచిపోలేదు. వచ్చిన మేడమ్ పిల్లలు ఇంత లీనమై వింటరనుకోలేదని మెచ్చుకొని పోయింది.

ఆ సాయంత్రం ముంగిట్ల కూర్చొని, ఆనాడు మింగిన మాటలేందో చెప్పమని సువర్ణ మామను పట్టుబట్టింది.

"ఏమనుకోకు బిడ్డా," అన్నడు బిచ్యా. "మధ్యాహ్నం పిల్లలంతా నిద్రపోయినంక సెంటర్‌ల ఒకామె ఎవరూ లేని దిక్కు చూసి మాట్లాడుతదంట. చేతి గుడ్డతోని ముచ్చట పెడతదంట. కిటికీకాడ ఐదుగురు నిలబడ్డా కండ్లకు ఆనరంట. నిన్ను దెయ్యమే అనుకున్నరు."

"మరి నా కథ ఎందుకు చెప్పుకున్నరు?"

"అది కథని వాళ్లకేం తెలుసు? నీ మంత్రం అనుకున్నరు. చీకట్ల అది చదువుతుంటే వేరే దెయ్యాలు దగ్గరికి రావని. మంత్రంల ముక్క పోవద్దు గదా... నువ్వు మరిచిపోయినది గూడ వదలలేదు."

సువర్ణ ఆ మధ్యాహ్నాలను మళ్ల తలుచుకున్నది. ఆ కిటికీ దిక్కు తిరిగే కదా రోజూ చెప్పుకున్నది... ఒక్క ముఖం గూడ గుర్తుకు రాలేదు.

"ఇప్పుడు నమ్మింది గదా మామా, ఆ తల్లి?"

బిచ్యా చుట్ట ఆర్పి లేచిండు.

"పిల్లలను పంపుతున్నది. కానీ పొద్దున దించేటప్పుడు ముందు నీ పాదాలు చూస్తదంట... ముందుకే ఉన్నయా, ఎనక్కా అని."