సావిడి ముందు కాలిన బగ్గీ

వరప్రసాదరావు గారి బగ్గీని దాన్ని తోలే వీరరాఘవయ్యే తగలబెట్టాడని పక్కింటి సుబ్బమ్మ జగ్గయ్యపేటంతా చెప్పిందట. సావిడిని లాడ్జి చేస్తున్నారన్న కడుపుమంటతోనట.

ఆ మాట నందిగామకు మోసుకొచ్చింది వరప్రసాదరావు భార్య భారతీదేవి. "సాయంత్రం ఆయన్ని పోలీసులకి అప్పగిస్తామంటున్నారండి మావారు. అత్తయ్యకి తెలియనివ్వొద్దన్నారు. ఆ ముసలాయన చెయ్యలేదండీ" అంది.

డిటెక్టివ్ కుటుంబరావు వెంటనే జగ్గయ్యపేట బస్సెక్కాడు. వెనకే అసిస్టెంటు కృపారావు.

తాతల నాటి బగ్గీ సావిడిలో గదులు లేచాయి. హైదరాబాదు రోడ్డున పోయే షోకైన జనం బగ్గీలో కూర్చుని కాఫీ తాగాలని వరప్రసాదరావు ముచ్చట. రంగులకని వాకిట్లోకి లాగిన బగ్గీ అక్కడే బూడిదైంది. సావిడి పెంకుకు మసైనా అంటలేదు. వాకిట్లో ఒలికిన సిమెంటు పొడి మీద నీటిధార పడి, బగ్గీ చుట్టూ మూడు వరసలుగా గట్టిపడింది. పక్కనే కుండపెంకులు. ఒకదానికి చిల్లు.

"లాడ్జి నీకిష్టం లేదట?" అన్నాడు కుటుంబరావు.

"కాల్చేవాణ్ణయితే సావిడికే పెడుదును బాబూ. అది మా చిన్నబాబు, అయ్యగారి తమ్ముడి బగ్గీ" అన్నాడు వీరరాఘవయ్య. "నాకు జొరమొస్తే తనే తోలుకెళ్ళాడు. మున్నేటి వరదలో బగ్గీ ఒక్కటే దొరికింది. వస్తాడని అమ్మగారు కర్మ చెయ్యనివ్వలా."

"ఇంట్లో ఏమన్నా మారిందా అమ్మా?" అని కుటుంబరావు భారతీదేవి వైపు తిరిగాడు.

"అత్తయ్య గది దాటట్లేదండి" అంది భారతీదేవి. "దేవుడి దీపం ఎప్పుడూ ఆవిడే పెడతారు. బగ్గీ కాలిన రోజు నుంచీ నన్ను పెట్టమంటున్నారు."

కుటుంబరావు చిల్లున్న కుండపెంకును చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత అందరినీ వాకిట్లోకి పిలిపించాడు. వరప్రసాదరావు తల్లి, ముసలి దుర్గాంబ కూడా వచ్చి, ఎవరికీ తగలకుండా ఎడంగా నిలబడింది.

"పగతో కాల్చినవాడు నీళ్ళకుండ మొయ్యడు" అన్నాడతను. "కృపా, మీ చర్చిలో ఉండదు గానీ, మా చితి చుట్టూ చిల్లుకుండతో మూడుసార్లు తిరిగి కుండ పగలగొడతారు. ఇక్కడ జరిగింది దహనం. చేసినవారికి మైల. మైలలో ఉన్నవాళ్ళు దేవుడి దీపం ముట్టుకోరు."

వీరరాఘవయ్య కండువాలో మొహం దాచుకున్నాడు. కేసు తేలితే ఎప్పుడూ పొంగిపోయే కృపారావు, గురువుగారి మొహం వైపు చూడలేకపోయాడు.

వరప్రసాదరావు తల్లి వైపు ఒక అడుగు వేశాడు. "నాతో ఒక్కమాట అంటే ఆపేవాణ్ణి కదమ్మా."

"వాడిక రాడు, వచ్చేవాళ్ళన్నా కూర్చుంటారని నువ్వేగా అన్నావు" అంది దుర్గాంబ. "రానివాడికి చెయ్యాల్సింది చేసా."