కొంచెం వాసన ఉండాది

వేలూరు సత్తువాచ్చారిలో సుమిత ఇంటి ముందు కారు ఆపి, నాలుగు తలుపులూ బార్లా తెరిచిపెట్టి, జీవా మొదట అన్న మాట, "ఒకసారి లోపల కూర్చోండి" అని.

సుమితకు ఒళ్ళు మండింది. నెల కిందటి దాకా అది తన కారే. గుడియాత్తం నుంచి వచ్చి, నవ్వుతూ తాళాలు తీసుకుపోయిన మనిషి ఇప్పుడు దొంగను పట్టుకున్నవాడిలా నిలబడ్డాడు. అయినా వెళ్ళి కూర్చుంది.

"కూర్చున్నా. ఏమిప్పుడు?"

"ఊపిరి పీల్చండి."

పీల్చింది. ఆమెకేమీ తెలియలేదు. అదే చెప్పింది.

"ఏమీ లేదా? పులిసిన దోసె పిండి డ్రమ్ములో తల పెట్టినట్టు ఉండాది" అన్నాడు జీవా.

సుమిత ముఖం ఎర్రబడింది. అతనన్నదాంట్లో అబద్ధమేమీ లేదని ఆమెకూ తెలుసు. సుమిత, వాళ్ళమ్మ అంబుజం ఇంట్లోనే గ్రైండర్లు పెట్టి ఇడ్లీ పిండి, దోసె పిండి రుబ్బి వేలూరులో అంగళ్ళకు వేస్తారు. ఏళ్ళ తరబడి ఆ డ్రమ్ములన్నీ ఈ కారు వెనక సీటు మీదే తిరిగాయి. బ్రేకు వేసినప్పుడల్లా ఏదో ఒక మూత జారేది. తడి గుడ్డతో తుడిచి, నిమ్మకాయ సెంటు కొట్టి సుమిత తన పనిలో తాను పడేది. అంగళ్ళు పెరిగాక లోడ్ ఆటో కొనుక్కొని కారు అమ్మేసింది. చేపలమ్మే ఆమెకు చేపల వాసన తెలుస్తుందా?

జీవా తన కష్టం చెప్పుకున్నాడు. అతనూ వాళ్ళ నాన్న ఆదిమూలమూ గుడియాత్తంలో ఇళ్ళు కట్టిస్తారు. పురిటికి పుట్టింటికి వచ్చిన చెల్లెలు దివ్యను వేలూరు ఆసుపత్రికి తిప్పడానికే ఈ కారు కొన్నాడు. మొదటిసారి ఎక్కించుకొచ్చిన రోజే వాన. అద్దాలు ఎత్తి ఏసీ వేశాడు. దారిలో పళ్ళికొండ చేరేలోపల దివ్య రెండు సార్లు వాంతి చేసుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు, చచ్చినా ఆ కారెక్కనని, ఆ కడుపుతో బస్సులో పోయింది. చెల్లెలు బస్సులో కమ్మీ పట్టుకొని నిలబడి ఉంటే వెనకాలే ఖాళీ కారు నడుపుకుంటూ వచ్చిన సంగతి చెప్పేటప్పుడు అతని గొంతులో కోపం పోయింది.

కారు వెనక్కి తీసుకొమ్మన్నాడు. అది కుదరదని సుమిత చెప్పింది.

"కానీ వాసన నా పిండిదే కదా. నేనే తీస్తా. ఆదివారం తీసుకొని రాండి" అంది.

ఆ ఆదివారం సుమిత చుడీదారు చేతులు మడిచి, బకెట్లు నింపి, సోపు పొడి కుమ్మరించి కార్పెట్ మీద యుద్ధానికి దిగింది. జీవా పిట్టగోడ మీద కూర్చొని చూద్దామనుకున్నాడు. అంతలో అంబుజం వేడి దోసెలు తెచ్చి పెట్టింది. ఒక మనిషి కష్టపడుతూ ఉంటే వాళ్ళింటి దోసెలు తింటూ చూడ్డం అతని వల్ల కాలేదు. చెయ్యి కడుక్కొని ఇంకో బ్రష్ తీసుకున్నాడు.

నల్లటి నురగ పొంగింది. డ్రైవరు సీటు దగ్గర మాత్రం బ్రష్ ఎంత రుద్దినా జారుతోంది. సుమిత గోటితో గీకి చూసింది.

"ఇది నా పిండి కాదు. ఇది మీ చెప్పుల సిమెంటు."

"పిండి మీది, సిమెంటు నాది. రెండూ కలిపితే మిద్దె కట్టచ్చు" అన్నాడు జీవా.

సుమిత నవ్వకూడదనుకుంది. నురగ వైపు తిరిగి నవ్వింది.

ఆ వారం మధ్యలో అతని దగ్గర నుంచి మెసేజి వచ్చింది. ఇద్దరికీ తెలుగు మాట్లాడ్డమే తప్ప చదవడం రాదు. అందుకని తమిళ అక్షరాల్లో తెలుగు రాశాడు: వాసన రెండింతలు అయింది, ఇప్పుడు పిండికి తోడు నానిన గోనెసంచి వాసన కూడా ఉండాది. సుమిత తల పట్టుకుంది. పైపైన రుద్ది, బకెట్లకు బకెట్లు పోసి, ఆ మురికినంతా తామే లోపలికి తోసేశామని ఆమెకు అప్పుడు అర్థమైంది.

రెండో ఆదివారం సీట్లు విప్పారు. ఒక బోల్టు తుప్పు పట్టి కదలనంది. ఇద్దరూ ఒకే స్పానర్ పట్టుకొని బలం పెడితే అది ఊడి, ఇద్దరూ వెనక్కి పడ్డారు. కార్పెట్ ఎత్తి చూస్తే దాని కింద పరుపులా మందంగా ఉన్న ఫెల్ట్ నీళ్ళోడుతోంది. మధ్యలో పిండి తోలు కట్టి పచ్చబడింది. సుమిత ముక్కు తప్ప వీధిలో అందరి ముక్కులూ మూతబడ్డాయి.

ఈసారి నిదానంగా చేశారు. ముందు దుమ్మంతా పొడిగా వాక్యూమ్ చేశారు. తరవాత కొంచెం కొంచెంగా సోపునీళ్ళు, వెనిగర్ చల్లి బ్రష్ చేశారు. జీవా తెలిసిన వాటర్ వాష్ కొట్టు నుంచి నీళ్ళు పీల్చే వాక్యూమ్ తెచ్చాడు. అది గుర్రుమని పీల్చి కక్కిన నీళ్ళు చూసి అంబుజం, "పోయిన ఏడాది పిండి కూడా ఇందులో ఉండాదే" అంది.

ఫెల్ట్‌లో నీళ్ళు ఒత్తి తీసి మిద్దె మీద ఆరేశారు. అప్పుడే వాన వచ్చింది. ఇద్దరూ మెట్లెక్కి పరుగెత్తి, ఆ బరువును చెరో పక్క పట్టుకొని కిందికి తెచ్చేసరికి ఫెల్ట్ కంటే వాళ్ళే ఎక్కువ తడిశారు. వసారాలో తల తుడుచుకుంటూ సుమిత, తన పెళ్ళిచూపుల కథ చెప్పింది. తిరుపత్తూరు నుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనత్త కాఫీ తాగి, ఇంటి నిండా పుల్లటి వాసన, పిల్ల దగ్గర కూడా అదే వాసన అని గడప దాటకముందే అనేసి పోయిందట.

సుమిత నవ్వుతూనే చెప్పింది. జీవా మాత్రం నవ్వలేదు.

వాన తగ్గాక అతనికి ఒక అనుమానం వచ్చింది. పిండి ఒలికింది వెనక. మరి ముందు భాగంలో ఫెల్ట్ వెనకకంటే ఎందుకంత ఎక్కువ నానింది? కురిసే మిద్దెలు చూడ్డం అతనికి రోజూ ఉండే పని. సుమితను లోపల కూర్చోబెట్టి, కింద చెయ్యి పెట్టి చూడమని, తాను బయట నుంచి ముందద్దం మీద చెంబుతో నీళ్ళు పోశాడు. అద్దం మీద నీళ్ళు జారుతుంటే అవతల సుమిత ముఖం కరిగి, మళ్ళీ కుదురుకొని, మళ్ళీ కరిగింది. చెంబు ఖాళీ అయిందని కూడా అతను చూసుకోలేదు.

"ఏమైనా తగిలిందా?" అని అడిగాడు.

"తగిలింది" అంది సుమిత, అతన్నే చూస్తూ. తరవాత గబుక్కున, "నీళ్ళు తగిలినాయి" అంది.

బోనెట్ ఎత్తితే అద్దం కింద నీళ్ళు పోయే దారి కానుగ ఆకులతో మూసుకుపోయి ఉంది. అది జీవా పని చేయించే చోట, అతను రోజూ కారు నిలిపే చెట్టు ఆకు. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు లోపలికి దిగి, ఆరిన పిండిని మళ్ళీ పులియబెడుతున్నాయి.

"అయితే సగం తప్పు నీది" అంది సుమిత. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి ఇద్దరూ గమనించారు, ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

ఆకులన్నీ తీసేసి నీళ్ళ దారి తెరిచారు. మూడో ఆదివారానికి ఫెల్ట్ పెళపెళా ఎండింది. కార్పెట్ పరిచి, సీట్లు బిగించారు. జీవా తల లోపల పెట్టి గట్టిగా పీల్చాడు. సోపు వాసన తప్ప ఏమీ లేదు. వెనక సుమిత రెండు చేతులూ కలిపి పట్టుకొని నిలబడింది. తన ముక్కును తాను నమ్మలేదు కాబట్టి అతని మాట కోసం చూస్తోంది.

పోయిందని చెప్తే ఇక వచ్చే ఆదివారం లేదు. ఆ ఒక్క ఆలోచనతో జీవా నోరు తెరిచాడు.

"కొంచెం వాసన ఉండాది."

సుమిత భుజాలు కిందికి దిగాయి. సరే, మళ్ళీ చేద్దామంది.

నాలుగో ఆదివారం జాకెట్టు కుట్టించుకోవాలని దివ్య కూడా కారులోనే వేలూరు వచ్చింది. సుమిత అప్పటికే బకెట్‌లో వెనిగర్ కలిపి పెట్టుకొని ఉంది. దివ్యను చూసి దగ్గరికొచ్చి, వాసన ఇంకా పూర్తిగా పోలేదని, దారిలో కష్టపడి ఉంటావని నొచ్చుకుంది.

"వాసనా? యాడక్కా?" అంది దివ్య. "నాకిప్పుడు పక్కింట్లో తాళింపు పెట్టినా కడుపులో తిప్పుతాది. ఈ కారులో ఏమీ లేదు. పోయిన వారమే పోయిందని అన్న చెప్పినాడే."

జీవా కారు చక్రం వైపు చూశాడు. సుమిత జీవా వైపు చూసింది. బ్రష్ బకెట్‌లో వేసి, చేతులు తుడుచుకుంది. అరవలేదు.

"నాకు ఆ వాసన తెలీదు కదా, అందుకే నీ మాట నమ్మినా" అని మాత్రం అంది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

జీవా మెసేజీలకు జవాబు రాలేదు. రెండు రోజులు ఓర్చుకొని మళ్ళీ వచ్చాడు. సుమిత ఆటో తీసుకొని అంగళ్ళకు పోయి ఉంది. అంబుజమే గ్రైండర్ ఆపి మాట్లాడింది. ఇంకా వాసన ఉందని జీవా అన్న ఆ వారమంతా సుమిత పూటపూటా శీకాకాయతో స్నానం చేసిందనీ, అంగడికి అంగడికీ నడుమ చేతులు కడుక్కుందనీ, వెనిగర్‌కు వేళ్ళ తోలు లేచిందనీ చెప్పింది. "వాసన నాలోనే ఉండాదేమోమ్మా, కారులో కాదేమో అని అడిగింది నాయనా. ఆడపిల్ల అట్లా అడగచ్చునా?"

జీవా అంతవరకూ సరదాగా ఒక్క ఆదివారం దొంగిలించాననుకున్నాడు. తిరుపత్తూరు మేనత్త కథ తెలిసి కూడా ఆ మాట అన్నాడు.

తరవాతి చెకప్ రోజు దివ్య, ముందు సుమితక్క ఇంటికి పోనిమ్మంది. నువ్వు తప్పయిపోయిందని చెప్పేదాకా ఆసుపత్రికి రానని కారులో భీష్మించుకొని కూర్చుంది. జీవా గేటు దగ్గర నిలబడ్డాడు. సుమిత బయటికొచ్చింది కానీ గేటు తియ్యలేదు. అతను మొదలుపెట్టేలోపలే కారులో నుంచి దివ్య కేక వేసింది.

ఉమ్మనీరు పోయింది.

చెప్పిన తేదీకి ఇంకా వారాలున్నాయి. జీవా పరుగెత్తి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు కానీ తాళం రెండు సార్లు కింద పడేశాడు. సుమిత గేటు తీసుకొని వచ్చి, అతన్ని వెనక సీట్లో దివ్య పక్కకు పంపి, స్టీరింగ్ ముందు తాను కూర్చుంది.

"అక్కా, సీటంతా పాడయింది. అంత కష్టపడి కడిగినారు" అని ఏడ్చింది దివ్య.

"సీటు పోతే పోనీ. ఉతుక్కోవచ్చు. నువ్వు కాళ్ళు చాపుకో" అంది సుమిత.

వేలూరులో ఏ సందు ఏ పూట రద్దీగా ఉంటుందో తెల్లారి లేచి పిండి వేసే మనిషికి తెలుసు. మార్కెట్ వైపు పోకుండా, జీవా ఎన్నడూ చూడని వీధుల్లో తిప్పుతూ, 'మావు అక్క', అంటే పిండి అక్క, వస్తోందని జనం పక్కకు తప్పుకుంటుంటే, ఆసుపత్రి వాకిట్లో కారు ఆపింది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. చిన్నదే కానీ గొంతు గట్టిది. గుడియాత్తం నుంచి జీవా వాళ్ళమ్మ పొన్నమ్మ, ఆదిమూలం వచ్చేసరికి, దివ్య సంచి ఒళ్ళో పెట్టుకొని వరండా బెంచీ మీద సుమిత ఉంది. వాళ్ళు బిడ్డను చూడ్డానికి లోపలికి పోయాక జీవా ఆమె పక్కన కూర్చున్నాడు.

"వాసన పోయిందంటే నువ్వు ఇంగ రావని అబద్ధం చెప్పినా. నువ్వు బాధ పడతావని తెలిసి కూడా చెప్పినా. తప్పయిపోయింది సుమితా."

ఆమె ఒళ్ళో ఉన్న సంచిని పక్కకు జరిపింది. తరవాత తోలు లేచిన చేతిని అతని ముందు పెట్టింది.

"ఇప్పుడు చెప్పు. నిజం చెప్పు."

జీవా ఆ చేతిని పట్టుకొని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఉండాది. పొద్దున రుబ్బిన పిండి వాసన, కొంచెం మెంతులు. నాకు ఇష్టం."

సుమిత చెయ్యి లాక్కుంది. అయితే అక్కడి నుంచి లేచిపోలేదు.

ఆ తరవాతి ఆదివారం వెనక సీటు విప్పి మళ్ళీ కడిగారు. ఈసారి తొందరపడలేదు, నీళ్ళు ఎక్కువ పోయలేదు. వాక్యూమ్ మోతలో ఇద్దరూ ఏదో ఒకటి అరుచుకుంటూనే ఉన్నారు. పొద్దు వాలేసరికి సీటు ఆరింది. జీవా తల లోపల పెట్టి పీల్చి, వెంటనే బయటికి వచ్చాడు.

"ఏమీ లేదు. శుభ్రంగా ఉండాది. అయినా వచ్చే ఆదివారం నేను వస్తా."

సుమిత బకెట్ బోర్లించి, చేతులు దులుపుకుంది.

"కారు కడిగే సాకు ఇంగ నడవదు. వచ్చేటప్పుడు మీ అమ్మను, నాయన్ను కూడా ఎక్కించుకొని రా."

ఎక్కించుకొనే వచ్చాడు. అంబుజం భయపడుతూనే ఉంది. గ్రైండర్లు కడిగి, ఇల్లంతా సాంబ్రాణి వేసింది. పొన్నమ్మ ఆ పొగకు దగ్గి, కిటికీలు తెరవమంది. దోసెలు అడిగి తిన్నది. రెండోది అయ్యాక తమలపాకుల పళ్ళెం ముందుకు జరిపి చెప్పింది.

"పిల్లను మాకియ్యండమ్మా. పిండి వ్యాపారం మానుకొమ్మని మేము చెప్పము. మా గుడియాత్తంలో కూడా మంచి దోసె పిండి దొరకదు."

అంబుజం కూతురి వైపు చూసింది. సుమిత తల వంచలేదు, సిగ్గుపడలేదు. పొన్నమ్మ విస్తట్లో మూడో దోసె వేసింది.