ఊర్మిళ పెళ్లి సన్నాయి

చాయ్ చల్లారిపోతున్నా దామోదర్ రావు ముట్టలేదు. ముందుగదిలో స్పూల్ టేప్ రికార్డర్ ముందు కూర్చుని ఖాళీ చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. సిరిసిల్ల వీధిలో అప్పుడే మరమగ్గాల చప్పుడు మొదలైంది. భార్య చంద్రకళ చెవులు మాత్రం గేటు మీదే ఉన్నాయి. నిన్న పొద్దున ఇల్లు విడిచిన కొడుకు శ్యాంసుందర్ రాత్రి కూడా రాలేదు.

గొడవంతా ఒక టేపు గురించే. దొరల మీద తిరగబడ్డ రైతుకూలీ సంఘాల భయంతో ముస్తాబాద్ దగ్గరి సొంతూరు విడవకముందు, ఆ ఇంట్లో జరిగిన ఆఖరి శుభకార్యం కూతురు ఊర్మిళ పెళ్లి. ఆనాడు ఊరి సన్నాయిగాడు హన్మండ్లు ఊదిన సన్నాయిని దామోదర్ రావే రికార్డు చేశాడు. సిరిసిల్ల వచ్చాక రోజూ సాయంత్రం అదే వినేవాడు. శ్యాం చూసుకోకుండా ఆ స్పూలు మీదే కాలేజీ దోస్తులు పాడిన సంఘం పాటలు ఎక్కించాడు.

"ఊరు పాయె. గిదొక్కటన్న మిగిలిందనుకుంటె గదీ తుడిచిపెట్టినవు. గీ పాటలు పోలీసోళ్ల చెవుల వడితె ఏమైతదో ఎరుకేనా? నా ఇంట్ల ఉండకు," అన్నాడు తండ్రి. కొడుకు చెప్పులు వేసుకుని గేటు దాటాడు.

చంద్రకళకు ఇక ఉండబట్టలేదు.

"పిలగాడు అడవిల అన్నలల్ల కలిసిండేమోనని రాత్రంత కన్ను మూయలె. మీకేమో గా టేపు రంది."

"నేను పొమ్మన్ననా?"

"అన్నరు. నేను పక్కనే ఉన్న. నాకు ఏ సన్నాయి వద్దు. నా కొడుకును తెచ్చియ్యుండ్రి."

 దామోదర్ రావు లేచి అంగీ తొడుక్కున్నాడు. "నోరు జారిన. బస్టాండుల అడిగొస్త."

అంతలో గేటు కిర్రుమంది. దుమ్ముకొట్టుకుపోయిన శ్యాం, వెనకే గుడ్డసంచీ పట్టుకుని ముసలి హన్మండ్లు.

"హన్మండ్లు ఊర్ల లేడు బాపు. కోరుట్లల బిడ్డింటికాడ ఉన్నడంటె గాడికి పోయిన. బస్సు దొరకక ఆన్నే పండుకున్న. గా పెళ్లిల ఊదినయన్ని మళ్ల ఊదుతనన్నడు."

 చంద్రకళ ఎదురెళ్లి కొడుకు భుజం మీది దుమ్ము దులిపింది.

దామోదర్ రావు చూపు హన్మండ్లు మీదే ఆగింది. ఊరు విడిచాక అక్కడివాళ్ల ముఖం అతను చూడలేదు. "సంఘమోళ్లు ఏమనరా నిన్ను?"

"అంటరు కావచ్చు దొరా. మీతోని ఊరికున్న పంచాయితి ఉన్నది, నేను మరువలె. ఊర్మిళమ్మ పెండ్లి వేరే ముచ్చట. పసిపోరప్పటిసంది సూసిన నేను."

దామోదర్ రావు తానే కుర్చీ లాగాడు. "కూసో." ఊళ్లో గేటు పక్కన నిలబడే వాయించిన మనిషి కాసేపు తటపటాయించి కూర్చున్నాడు.

మగ్గాల చప్పుడు రాకుండా కిటికీలు మూశారు. శ్యాం ఆ పాటల స్పూలే ఎక్కించబోతే తండ్రి వారించాడు. "వద్దు. గవి నీ దోస్తుల పాటలు. లోపల దాచిపెట్టు." బీరువాలోంచి కొత్త స్పూలు తీశాడు. ఇద్దరూ కలిసి టేపు ఎక్కించారు.

శ్యాం రికార్డు మీట నొక్కగానే చక్రాలు తిరగసాగాయి. హన్మండ్లు ఊపిరి తీసుకున్నాడు.

"కొడుకా, నిన్నటిసంది ఏమన్న తిన్నవా?" చంద్రకళ అడిగేసింది.

అమ్మ మాట టేపులోకి ఎక్కిందని శ్యాం కంగారుగా ఆపే మీట నొక్కబోయాడు. తండ్రి అతని చెయ్యి పట్టుకున్నాడు. కళ్లనిండా నీళ్లతో భార్య వైపు చూసి, అలాగే తిరగనిమ్మని సైగ చేశాడు. సన్నాయి మొదలైంది.